కారణం ఎంచుకోండి

మిడిల్స్‌బరోలో మంగళవారం.
జాబ్ సెంటర్ తాళం తీసేసరికే
మెట్ల మీద ముగ్గురు,
హుడీ జేబుల్లో చేతులు దోపుకుని,
టీస్ నది మీంచి కొట్టే గాలికి
ఒకరికొకరు అడ్డంగా.

మనిషికి పది నిమిషాలు నాకిచ్చిన గడువు.
పది నిమిషాల్లో మా ఇంట్లో కందిపప్పు కూడా మెత్తబడదు.

మొదట బ్రోగన్. పందొమ్మిదేళ్ళు.
గోదాములో పని దొరికింది, మానేశాడు.
ఎందుకని అడగాలి నేను. అడిగాను.
షిఫ్టు పొద్దున్న ఐదున్నరకి.
మొదటి బస్సు ఆరూ పదికి.
సైకిలుండేది, ఎవరో ఎత్తుకుపోయారు.
నాలుగు రోజులు నడిచాడట, ఏడేసి మైళ్ళు.
ఐదోనాడు వాన.

నా తెర మీద చిన్న పెట్టె:
కారణం ఎంచుకోండి.
ఆసక్తి లేదు. సమయపాలన లేదు. అనారోగ్యం. ఇతరములు.
అందులో వాన లేదు.
బస్సూ లేదు.

తర్వాత టాన్సీ.
కాఫీ దుకాణం వాళ్ళు "చూద్దాం" అంటూ
మూడు రోజులు చేయించుకున్నారు,
కప్పులు, బల్లలు, మరుగుదొడ్డి.
జీతం ఊసు లేదు.
మూడో సాయంత్రం అనుభవం చాలదన్నారు.
అనుభవముంటే పని, పని చేస్తే అనుభవం.
మా మేనత్త మాట నోటిదాకా వచ్చింది:
పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు.
దాన్ని ఇంగ్లీషులోకి లాక్కురావడానికి
ఉన్న పదిలో నాలుగు నిమిషాలు ఖర్చయ్యాయి.
ఆ పిల్ల గోరు కొరుక్కుంటూ ఆలోచించి
"ఇంతకీ ఆ పిచ్చోడు ఏమయ్యాడు?" అంది.
ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్న సామెత.
ఒక్కరూ అడగలేదు నన్ను.

మధ్యాహ్నం రీస్ ప్రౌడ్‌లాక్.
పార్మో కొట్లో రెండేళ్ళు, నూనె మరకల చేతులు.
పోయిన వారం ఇరవై ఒకటి నిండింది.
ఇరవై ఒకటి నిండితే
గంటకి ఇవ్వాల్సిన కూలి పెరుగుతుంది, అది చట్టం.
కేకు కోయించారు. చప్పట్లు కొట్టారు.
మర్నాటి పట్టికలో పేరు లేదు.
"తీసేశారా?"
"లేదు. గంటలు లేవంతే."
సున్నా గంటల ఒప్పందంలో
ఎవర్నీ తీసెయ్యక్కర్లేదు,
రాయడం మానేస్తే చాలు.
వాడి ఏప్రన్ ఇప్పుడు
పదిహేడేళ్ళవాడి మెడలో ఉంది.

ఇంటర్వ్యూలకి వెళ్ళావా అంటే వెళ్ళానన్నాడు,
పడకగదిలోంచే.
అటువైపు మనిషి లేడు, ఫోన్లో తన మొహమే.
ప్రశ్న వస్తుంది, తొంభై సెకన్లు కిందికి జారతాయి,
ఇంకొంచెం నవ్వమని మిషను సలహా చెబుతుంది.
"మా తాత శుక్రవారం బడి వదిలి
సోమవారం ఉక్కు కొలిమి దగ్గర నిలబడ్డాడు.
ఆయన్ని ఎవరూ నవ్వమనలేదు."
అంటూ నవ్వాడు. మంచి నవ్వే.

ఆదివారం పులిహోరలు పంచుకుంటూ మావాళ్ళంటారు,
ఈ ఊరి కుర్రాళ్ళకి ఒళ్ళు వంగదండీ అని.
ఈ కుర్చీలోకి రాకముందు
నేనూ అన్నాను, రెండోసారి వడ్డించుకుంటూ.

ఇతరములు నొక్కితే
లోపల ఇంకో పెట్టె తెరుచుకుంది,
నలభై అక్షరాలు మించరాదు.
పుట్టినరోజు, అని కొట్టాను.
ఎర్రగా మెరిసింది: చెల్లని కారణం.
చివరికి ఏం నొక్కానో చెప్పను.
నాకూ ఐదింటికి బల్ల ఖాళీ చెయ్యాలి,
నా ఒప్పందమూ మార్చి దాకానే.

రాత్రి అన్నం తినేసి
ఊరికే ఫోన్లో బస్సుల వేళలు తీశాను.
గోదాము వైపు మొదటి బస్సు:
ఆరూ పది.

వాడి మాట పొద్దున్నే నమ్మాననుకున్నాను.
మరి ఎందుకు చూశాను?